మే•••గా

మా ఆఫీసులో నన్ను అందరూ సర్వరమ్మ అంటారు. మొదట్లో ఎగతాళికి అన్నారు, తర్వాత అలవాటైపోయింది. ఇప్పుడు ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే నేనే వెనక్కి తిరిగి చూడనేమో. మాది ఓడల కంపెనీ. అలాగని సముద్రం నాకు కనపడుతుందనుకునేరు. కిటికీ లేని గదిలో శాలువా కప్పుకుని రెండు సర్వర్లతో కాపురం చేస్తుంటాను. ఆ చలి కూడా నా కోసం కాదు, వాటి కోసం.

కాపురం అని ఊరికే అనలేదు. ఆయన పోయాక ఇంట్లో మాట్లాడటానికి మనిషి లేకుండా పోయాడు. ఒక్కదానికి సరిపడా టీ పెట్టడం నాకు చాలాకాలం చేతకాలేదు, సగం పారబోసేదాన్ని. ఇక్కడైతే నయం. "ఏమైందే తల్లీ, ఇవాళ అంత వేడెక్కావు" అని సర్వర్‌ని అడిగినా వింతగా చూసేవాళ్ళుండరు. చూడటానికి గదిలో ఇంకెవరున్నారు గనక.

మా సర్వర్లో కుటుంబాల పేజీ అని ఒకటుంది. ఇళ్ళ దగ్గర వాళ్ళు రాసింది ఓడలో చదువుకుంటారు, ఓడలో వాళ్ళు రాసింది ఇళ్ళ దగ్గర చదువుకుంటారు. నడిసముద్రంలో మామూలు ఫోన్ పలకదు కాబట్టి వాళ్ళకి అదే దిక్కు. దాని మంచిచెడ్డలన్నీ నావే.

ఆ మధ్యాహ్నం క్యారియర్ మూత తీశానో లేదో, ముందు కౌంటర్ నుంచి ఫోన్.

"సర్వరమ్మా, ఎవరో ఆవిడొచ్చి ఏడుస్తోంది. పేజీలో మెసేజీలేవో అంటోంది. నాకు ముక్క అర్థం కావట్లేదు. లోపలికి పంపించనా?"

"పంపించు. నేను తినబోయేటప్పుడే కదా అందరికీ కష్టాలొచ్చేది" అన్నాను. మూత మళ్ళీ పెట్టేశాను.

వచ్చినామె చిన్నది. చంకలో ఏడాది నిండీ నిండని పాప, చేతిలో ఫోను. మొగుడు మా ఓడలో ఇంజన్ గదిలో నూనె వేసే పనిలో ఉన్నాడట. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. ఫోను నా ముక్కు దగ్గర పెట్టింది.

"చూడండి మేడం, ఏం రాశాడో. నేనేం తప్పు చేశానో చెప్పండి మీరే."

పొద్దున వచ్చిన మెసేజి. *నువ్వెలా బతుకుతున్నావో నువ్వే రాశావు. ఇంక నేనొచ్చి చేసేదేం లేదు. సాయంత్రం టీ వేళకి కెప్టెన్ కాగితం తెస్తాడు. ఇంకో ఏడాదికి సంతకం పెట్టేస్తున్నా.*

"ఈ నెలలో దిగిపోవాల్సినవాడు మేడం. పాప పుట్టాక మొహం కూడా చూడలేదు. రెండు వారాల నించీ వంకర సమాధానాలు. 'ఏంట్రా దేవుడా' అని అడిగితే ఇవాళ ఇది రాశాడు. సంతకం పెట్టేస్తే ఇంక కంపెనీ వాళ్ళు కూడా దింపరంట కదా?"

దింపరు. ఆ కాగితం నాకు తెలుసు. సంతకం పడితే ఇంకో మనిషిని ఎక్కించరు, వీడిని దింపరు. టైము చూశాను. ఓడ గడియారం మాకంటే ముందు నడుస్తుంది కాబట్టి వాళ్ళ టీ వేళకి ఎంతో లేదు.

"నువ్వు రాసినవి చూపించు" అన్నాను.

ఫోన్లో వరసగా జరిపింది. *మేముండగా నీకేం దిగులు. మనముండే ఇంటికి కొత్త తాళం వేయించాను. పాపకి రెండు పళ్ళొచ్చాయి, వేలు పెడితే కొరుకుతోంది.* మధ్యలో ఒక పెద్ద మెసేజి వస్తే మాత్రం గబగబా కిందికి లాగేసింది. సిగ్గు కాబోలు, మొగుడూ పెళ్ళాల మాటలు అనుకుని నేనూ అడగలేదు.

"ఇందులో కోపం రావడానికేముంది?" అన్నాను.

"అదే కదా నా ఏడుపు" అని నిజంగానే ఏడ్చింది. తల్లిని చూసి పాప కూడా అందుకుంది. నా గదిలో అంత చప్పుడు నేనెప్పుడూ ఎరగను.

ఆఫీసు పనికి మాత్రమే వాడే శాటిలైట్ ఫోన్లో ఓడకి చేశాను. ఎత్తింది మా రేడియో ఆఫీసరు. పెద్దాయన, ఎవరితో మాట్లాడినా 'అమ్మా', 'నాన్నా' అనే రకం. మేం ఆయన్ని రేడియోగారు అంటాం.

"రేడియోగారూ, ఆ నూనె పనాయన భార్య రాసిన మెసేజీలు మీకెలా కనపడుతున్నాయి?"

అవతల ఆయన ఒక నవ్వు నవ్వాడు. "అది నన్నడగాలా అమ్మా! ఒక్క ఆ అమ్మాయే కాదు, ఈమధ్య మా ఇళ్ళల్లో ఆడాళ్ళందరికీ నోళ్ళు లేచాయి. బూతులే బూతులు. అన్నిటికీ చుక్కలు పెట్టేసి కింద 'అసభ్య పదం తొలగించడమైనది' అని వేస్తున్నారుగా మీరు. మా అత్తగారికి ఎనభై దాటాయి, ఆవిడ కూడా నన్ను తిట్టింది. ఎందుకో ఏంటో ఎవరికి చెప్పుకోను?"

"ఏమని తిట్టింది?"

"దేవుడి దయవల్ల అల్లుడికి ఆరోగ్య, తర్వాత మూడు చుక్కలు. ఆ తర్వాత దీర్ఘం ఒక్కటే గాల్లో వేలాడుతోంది. తర్వాత 'లి'. ఇదేం తిట్టో నాకు ఈ వయసులో తెలీలేదమ్మా."

నాకు నవ్వు రావాల్సింది. రాలేదు. ఎవరు పెట్టమన్నారు చుక్కలు? నేను పెట్టలేదు. స్క్రీను ఫోటో తీసి పంపమన్నాను. అది దిగేలోపు నా కంప్యూటర్లో అదే పేజీ తెరిచి చూశాను. కడిగిన ముత్యంలా ఉంది, ఒక్క చుక్క లేదు. ఓడలో పాత కంప్యూటర్లు కదా, ఫాంటు సరిగా లేదేమో అనుకున్నాను. ఫోటో వచ్చాక ఆ ఆశ కూడా పోయింది. ఫాంటు పాడైతే డబ్బాలొస్తాయి, ప్రశ్నార్థకాలొస్తాయి. కింద 'అసభ్య పదం' అని తెలుగులో శుభ్రంగా నోటీసు రాయదు. ఫోటోలో ఇలా ఉంది: *మే•••గా నీకేం దిగులు.*

ఎవడో పని గట్టుకుని చేసిన పనే ఇది.

పాపని ఊరుకోబెట్టడానికి ఆ అమ్మాయి గదిలో అటూ ఇటూ తిరుగుతూ అంది, "మీకేం తెలుస్తుంది మేడం. సాయంత్రమైతే మీ ఆయన ఇంటికొచ్చేస్తాడు."

"ఆఁ, వచ్చేస్తాడులే" అన్నాను. ఎందుకలా అన్నానో తెలీదు. నా సంగతి చెబితే ఆమె ఏడుపు ఆపి నన్ను ఓదార్చాలి. నాకంత ఓపిక లేదు, ఆమెకంత టైము లేదు.

ఒకే పేజీ ఇక్కడ ఒకలా, అక్కడ ఒకలా వెళ్తోందంటే, అడిగేవాడిలో ఏదో తేడా ఉండాలి. మా ఆఫీసు కంప్యూటర్లు, ఇళ్ళలోని ఫోన్లు పేజీని అడిగేటప్పుడే 'మూటకట్టి పంపినా పర్లేదు, మేం విప్పుకుంటాం' అని చెబుతాయి. అందుకని సర్వర్ దాన్ని బాగా నొక్కి, చిన్న మూట చేసి పంపుతుంది. ఓడలో ఉన్న ముసలి కంప్యూటర్లకి మూట విప్పడం రాదు. వాటికి పేజీ విడిగానే వెళ్తుంది. సరే చూద్దామని నేనూ ఓడలాగే అడిగాను. 'నాకు మూట వద్దు, విడిగా ఇయ్యి' అని.

ఇచ్చింది. నా స్క్రీను నిండా చుక్కలు!

"దొరికావురా" అన్నాను గట్టిగా. పాప ఏడుపు ఆపి నా వంక చూసింది.

సర్వర్ నుంచి పేజీ గడప దాటేముందు దాన్ని ఒక జల్లెడలోంచి పోనివ్వవచ్చు. అవుట్‌పుట్ ఫిల్టర్ అంటారు. ఫలానా మాట కనపడితే తీసేసి ఫలానాది పెట్టు అని దానికి రాసిస్తాం. లోపల దాచిన అసలు మెసేజి అలాగే ఉంటుంది, బయటికి వెళ్ళే కాపీ మాత్రమే మారుతుంది. సెట్టింగుల ఫైలు తెరిస్తే కనపడింది, నేను రాయని వరస ఒకటి. *ముండ* అనే మాట వస్తే దాని బదులు మూడు చుక్కలు పెట్టి, కింద నోటీసు వెయ్యమని.

పోయిన నెల నాకు జ్వరమొచ్చి సెలవు పెడితే నా బదులు ఒక కాంట్రాక్టు ఇంజనీరు వచ్చాడు. ఆయనకి ఫోన్ చేశాను.

"ఆఁ మేడం, గుర్తుంది. పేజీలో ఒకరిద్దరు బూతులు తిట్టుకున్నారంట, మీ మేనేజరుగారు ఫిల్టరు పెట్టమన్నారు. పెట్టాను కానీ అది పని చెయ్యలేదు మేడం. నా ల్యాప్‌టాప్‌లో చూస్తే మాట మాటలాగే ఉంది. తర్వాత చూద్దామని వదిలేశాను."

"పని చెయ్యకపోతే తీసెయ్యాలిగా మహానుభావా!"

"పని చెయ్యనప్పుడు ఉంటే మాత్రం నష్టమేంటి అనుకున్నాను మేడం."

"నీ ల్యాప్‌టాప్‌కి పేజీ మూటలో వెళ్ళింది కాబట్టి నీ జల్లెడకి ఏమీ కనపడలేదు. ఓడకి విడిగా వెళ్ళింది, అక్కడ బ్రహ్మాండంగా పని చేసింది. సరే, బూతు తీసెయ్యమన్నారు, తీశావు. 'మేముండగా'లో బూతేముంది నాయనా? 'మనముండే'లో ఏముంది? 'ఆరోగ్యముండాలి'లో ఏముంది?"

అవతల ఆ మాటల్ని గొణుక్కుంటూ విడదీసుకున్నాడు. తర్వాత "అయ్యబాబోయ్" అన్నాడు.

వాడిది తెలుగే, నాదీ తెలుగే. కానీ మనం మాటల్ని అతికించి మాట్లాడతామని ఆ ఒక్క వరస రాసేటప్పుడు వాడికి తట్టలేదు. మేము, ఉండగా. మనము, ఉండే. నమ్మకము, ఉండబట్టి. రెండూ కలిసేచోట ఆ తిట్టు తనంతట తానే తయారవుతుంది. మనుషులు ఒకరికొకరు ఉన్నామని రాసుకున్న ప్రతిచోటా ఆ ఉండడాన్ని కోసేసి, బూతు తిట్టారని నోటీసు అంటించింది మా ఫిల్టరు. నాకు ఒళ్ళు మండిపోయింది.

మేనేజరు గదికి వెళ్ళాను. విన్నాడు, తల పట్టుకున్నాడు, కానీ మొత్తంగా తియ్యొద్దన్నాడు. "హెడ్డాఫీసు ఆర్డరమ్మా. సరి చెయ్యి, అంతేగానీ తీసెయ్యకు" అని మీటింగుకి లేచి పోయాడు.

వెనక్కి వచ్చి సరి చెయ్యడానికి కూర్చున్నాను. మాట మొదలు, చివర చూసి పట్టుకోమని చెప్పే గుర్తొకటుంది. అది పెట్టి చూస్తే అసలు ఏ మాటా పట్టుకోలేదు. ఆ గుర్తు ఇంగ్లీషు కోసం పుట్టింది, తెలుగు అక్షరాన్ని అది అక్షరంగానే లెక్కచెయ్యదు. చివరికి మోటు పనే చేశాను. మాటకి ముందు ఖాళీ ఉంటేనే పట్టుకోమన్నాను. ఫైలు సేవ్ చేసి, ఓడలా మళ్ళీ అడిగాను. *మేముండగా నీకేం దిగులు* వచ్చింది. *మనముండే ఇంటికి* వచ్చింది. రేడియోగారి అత్తగారి దీవెన కూడా నిండుగా వచ్చింది.

"అయిపోయింది, చూసుకో" అని స్క్రీను ఆమె వైపు తిప్పాను. నాకే గర్వంగా ఉంది. ఆమె ఒక్కో మెసేజీ చదువుకుంటూ కిందికి వెళ్ళి, ఒక దగ్గర ఆగిపోయింది.

"ఇదింకా పోలేదక్కా" అంది. మేడం నించి అక్కకి ఎప్పుడు దిగిందో నేను గమనించలేదు.

ఇందాక వేలు ఆపకుండా జరిపేసిన పెద్ద మెసేజి అదే. మధ్యలో ఒక్క వాక్యం: *మొగుడుండి కూడా •••లా బతుకుతున్నా.*

"ఇక్కడేం రాశావు?" అన్నాను.

తలొంచుకుంది. "ఆ మాటే రాశానక్కా. అది తిట్టు కాదు. మా ఇంటి పక్కావిడ నన్ను చూసి, 'మొగుడు బతికుండగానే ముండలా ఎలా ఉన్నావే' అంది. అదే రాశాను. నువ్వు లేక ఇలా అయ్యానని చెప్పడానికి."

అప్పుడు అర్థమైంది నాకు. పొద్దునొచ్చిన మెసేజి మళ్ళీ చూశాను. నువ్వెలా బతుకుతున్నావో నువ్వే రాశావు. వాడు తిట్లకి అలగలేదు. మొగుడుండి కూడా అలా బతుకుతున్నానని పెళ్ళాం రాసింది, ఎలాగో చెప్పే మాట దగ్గర చుక్కలున్నాయి, కింద అసభ్యం అని ముద్ర ఉంది. ఇంటికి దూరంగా, ఇంజన్ చప్పుడులో, రాత్రింబవళ్ళు ఆ చుక్కల్లో వాడు ఏ మాట పెట్టుకుని చదువుకుని ఉంటాడో నేను చెప్పక్కర్లేదు. ఆమెకి చెప్పాల్సి వచ్చింది.

మొహం పాలిపోయింది ఆమెకి. "అయ్యో, అలా అనుకున్నాడా! నన్నా?" అంది.

ఆ మాట నాకు కొత్త కాదు. దానికి బూతు అర్థం తర్వాత అంటుకుంది. అసలైతే మొగుడు పోయినదని అర్థం. ఆయన పోయాక నేను తిరిగి ఉద్యోగానికి బయల్దేరిన రోజున వంటింట్లో మా తోడికోడలు ఎవరితోనో అంటోంది, "ఈ ముండకి ఉద్యోగం కూడానా" అని. గోడకి ఇవతల చెప్పులు వేసుకుంటూ విన్నాను. అప్పట్నించీ ఆ మాట లోకంలో లేకుండా పోతే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో. ఇప్పుడు దాన్ని ఎక్కడ కనపడితే అక్కడ తుడిచేసే వరస నా చేతికింద ఉంది. మేనేజరు ఉంచమనే చెప్పాడు. ఉంచితే నన్ను అడిగేవాళ్ళు లేరు.

"అక్కా, ఆ వాక్యం తీసేసి మళ్ళీ రాయనా?" అంది ఆమె.

"తీసేస్తే వాడికి నమ్మకం ఎలా కుదురుతుంది? ఏదో రాసి, దొరికిపోయి, చెరిపేసిందనుకుంటాడు. నువ్వు ఏ మాట రాశావో అదే మాట వాడు చూడాలి."

వరస ముందు ఒక గుర్తు పెట్టి ఫిల్టరుని పనిలోంచి తప్పించాను. హెడ్డాఫీసు అడిగితే అప్పుడు చూసుకుందాం, నన్నేం చేస్తారు, ఇంతకంటే చలి గదిలో వేస్తారా. ఓడలా అడిగాను. చుక్కలు పోయాయి. ఆ మాట నా స్క్రీను మీద నల్లగా, స్పష్టంగా నిలబడింది. గోడ అవతల విన్నదాన్ని కళ్ళెదురుగా చూడటం ఏమంత బాగాలేదు.

రేడియోగారికి ఫోన్ చేశాను. "ఆ నూనె పనాయన్ని కంప్యూటర్ ముందుకి తీసుకురండి. పాత మెసేజి మళ్ళీ చదవమనండి."

"వాడు రాడమ్మా. ఆ పేజీ మొహం ఇంక చూడనన్నాడు. కెప్టెన్ కాగితాలు పట్టుకుని కిందికి దిగుతున్నాడు కూడానూ."

"మీ అత్తగారు మిమ్మల్ని తిట్టలేదు. దీవించింది. ఆ పుణ్యానికైనా వాణ్ణి ఈడ్చుకురండి."

"దీవించిందా!" అన్నాడాయన. ఫోను బల్ల మీద పెట్టేసిన చప్పుడు. తర్వాత గాలి హోరు.

మేం కూర్చున్నాం. చెయ్యడానికింకేమీ లేదు. పాప నా శాలువా కుచ్చులు నోట్లో పెట్టుకుని నమిలింది, నేను వద్దనలేదు. ఆమె ఫోను ఒళ్ళో పెట్టుకుని దాన్నే చూస్తోంది. ఈపాటికి సంతకం పడిపోయి ఉంటుందని నాకనిపించింది. పైకి అనలేదు. సర్వర్ల ఫ్యాన్లు తిరుగుతున్నాయి.

ఫోను కూసింది. ఆమె చూసింది, నాకిచ్చేసింది.

"మీరు చదవండక్కా. నాకు అక్షరాలు కనపడట్లేదు."

"నాకెందుకమ్మా మీ సంగతులు" అన్నాను.

"చదవండి. ఏదైనా సరే, చదవండి."

కళ్ళజోడు సర్దుకుని చదివాను. *చదివాను. ఆ మాట నీ నోట ఇంకెప్పుడూ రాకూడదు. నేను బతికే ఉన్నానే పిచ్చిదానా. సంతకం పెట్టలేదు. వస్తున్నా.*

నాకు అసూయ కలిగింది, నిజం చెప్పొద్దూ. ఎదురుగా ఆమె ఏడుస్తూ నవ్వుతోంది, పాపని ముద్దులతో ఊపిరాడకుండా చేస్తోంది. అంతమంది సంతోషం పట్టేంత గది కాదు నాది. నేను ఫోను పట్టుకుని ఆ అక్షరాల వంకే చూస్తూ ఉండిపోయాను.

"ఇంకొక్కసారి చదవండక్కా" అంది.

"నేను బతికే ఉన్నానే పిచ్చిదానా" అని చదివాను. "వస్తున్నా."